గమ్ము ఆరేదాకా

ఆ రోజుల్లో, అంటే పాటలు క్యాసెట్లలోంచి దిగి మనుషుల జేబుల్లోకి చేరుతున్న రోజుల్లో, కోవిల్‌పట్టిలో మా ఇంటివాళ్లందరికీ ఒక గొప్ప ధీమా ఉండేది. గడప దాటితే తెలుగు ఎవరికీ అర్థం కాదన్న ధీమా అది. ఎన్ని తరాల కిందట ఈ నల్లరేగడి నేలకు వచ్చామో మా అవ్వక్కూడా తెలియదు. తెలుగు మాకు చదివే భాషా కాదు, రాసే భాషా కాదు. (నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది పెళ్లయ్యాకే. మా ఆవిడది చిత్తూరు. ఆమె వెక్కిరింతలు పడలేక ముప్పయ్యో ఏట పలక పట్టాను.) ఇంట్లో తిట్టుకోవడానికీ, బయట గుట్టుగా మాట్లాడుకోవడానికీ పనికొచ్చే భాష అది. బట్టల కొట్లో కూర్చుని "రొంబ ఎక్కువ చెప్తాండాడు, లేచి రా" అని అమ్మ కొట్టువాడి ముఖం మీదే అనేది. బస్సులో పక్క సీటాయన మీసం బాగుందా లేదా అని ఆయన మీసం ముందే మేం చర్చించుకునేవాళ్లం. ఆ ధీమా నాకు ఎలా దిగిపోయిందో ఇప్పుడు చెబుతాను.

మా అమ్మ తమ్ముడికి, అంటే మా మామకు, బైపాస్ రోడ్డు మీద కార్లకు స్పీకర్లూ స్టీరియోలూ బిగించే కొట్టు ఉండేది. కాలేజీలో రెండు సబ్జెక్టులు తప్పి (మా నాయన అందరికీ మూడని చెప్పేవాడు, ఎందుకో) నేను అక్కడ చేరాను. చేరానన్న మాటే గానీ ఆరు నెలలపాటు నేను చేసిన పని టార్చిలైటు పట్టుకోవడం, తీగల మీది తొక్క గీకడం, టీ తేవడం. మా నాయన లెక్కలో అది ఉద్యోగం కాదు, పాటలు వింటూ కాలక్షేపం చెయ్యడం. అరుప్పుకోట్టైలో మా చిన్నాన్న పవర్‌లూమ్ షెడ్డులో మనిషి కావాలని కబురు వచ్చినప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు, నాకు మనశ్శాంతి లేదు. చివరికి ఒకరోజు భోజనాల దగ్గర తేల్చేశాడు. "ఆడి నెల అయ్యేదాకా చూస్తా. అంతలోపల మీ మామ నిన్ను నమ్మి ఒక్క బండి పూర్తిగా నీ చేతికి ఇచ్చినాడా, సరి. లేదా, మూట కట్టుకుని మగ్గం దగ్గరికి పో." (ఆడి అంటే ఆగస్టు నడుమన ముగిసే తమిళ నెల.) ఆ షెడ్డులో ఒకసారి గంటసేపు నిలబడ్డాను. బయటికి వచ్చాక రెండు రోజులు చెవుల్లో మగ్గం ఆడుతూనే ఉంది. నాకు ప్రపంచంలో కావలసిందల్లా స్పీకర్లోంచి తేటగా వచ్చే శబ్దం. అందుకే మామ ఎప్పుడు ఒక బండి చూపించి "ఇది నీది" అంటాడా అని ఎదురుచూస్తూ బతికాను.

ఆడి నెల ఇంకో వారంలో అయిపోతుందనగా ఒక శనివారం పొద్దున విరుదునగర్ నుంచి ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. పాతదే, కానీ కడిగి తుడిచి పెళ్లికొడుకులా ఉంది. అందులోంచి అణ్ణాచ్చి దిగాడు. (మా వైపు వ్యాపారం చేసేవాళ్లను గౌరవంగా పిలిచే తమిళ పిలుపు అది. ఆయన పేరు నాకు చాలా నెలల దాకా తెలియదు.) విరుదునగర్‌లో నూనె వ్యాపారం. నుదుటి మీద విభూతి, తెల్ల చొక్కా, నిండైన బొజ్జ, మాట మాటకూ మధ్య ఒక టీ తాగి రావచ్చు అనిపించే నిదానం. జేబులోంచి, మాటలు రికార్డు కూడా చేసుకునే అగ్గిపెట్టె అంత ప్లేయర్ ఒకటి తీసి, కంపెనీ నుంచే బిగించి వచ్చిన ఆ కారు క్యాసెట్ పెట్టెను చూపించి, దీంట్లో ఉన్నది దాంట్లో వినిపించాలన్నాడు. పెట్టె మార్చకూడదు. దాని మీద గీత పడకూడదు. మధ్యాహ్నం లోపల కావాలి. ఇదంతా తమిళంలోనే, ఒక్క తెలుగు పలుకు కూడా దొర్లని నికార్సైన బజారు తమిళంలో.

"పాటలా అణ్ణాచ్చి?" అన్నాడు మామ, తమిళంలోనే.

"పాటలు కావు. ముఖ్యమైన సంగతి. రేపు ఒక చోటికి పోవాలి, ఈలోపల విని తీరాలి. ఇంట్లో వినే వీలు లేదు. చెవుల్లో పెట్టుకుని నడిపితే హారన్ వినపడదు."

ఆ రోజు మామకు ఊపిరాడని పని. ఒక వ్యాను డాష్‌బోర్డు కిందికి నడుము దాకా దూరిపోయి ఉన్నాడు. తల బయటికి తీసి, తెల్ల కారును చూసి, నన్ను చూసి, ఒక నిట్టూర్పు విడిచి తెలుగులో అన్నాడు. "దీన్ని నువ్వే చూడు. చెడిపినావంటే మీ నాయనకు నేనే ఫోన్ చేస్తా." ఆ తర్వాత మళ్లీ లోపలికి దూరాడు. ఆ పూటంతా మామ నాకు రెండు పాదాలుగానే కనిపించాడు. వ్యానుకూ తెల్ల కారుకూ మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని అణ్ణాచ్చి తమిళ పేపరు విప్పాడు. ఇక మా మామా అల్లుళ్ల సంభాషణ ఆయన తల మీదుగా, కొట్టంతా వినపడేలా, తెలుగులో సాగింది.

నా మొదటి బండి అన్న సంతోషంలో నోరు ఊరుకోలేదు. "మామా, ఈయన కడుపు స్టీరింగుకు తగలకుండా ఎట్ల నడుపుతాడో!" అన్నాను. వ్యాను లోపలి నుంచి "పని చూడరా" అని వినపడింది, కానీ పాదాలు నవ్వుకు ఊగాయి. ఆ ప్రోత్సాహం చాలదా? "గంటకొక పేజీ తిప్పుతాండాడు, పేపరు అయ్యేలోపల ఆడి అయిపోతాది" అన్నాను. "ముఖ్యమైన సంగతి అంట. ఏముంటాది, నూనె ధరలు రికార్డు చేసి దేవుడి పాట మాదిరి వింటాడేమో" అని కూడా అన్నాను. అణ్ణాచ్చి పేపరు కాస్త పైకెత్తి పట్టుకున్నాడు. ఎండ కోసమనుకున్నాను.

మదురై నుంచి తెప్పించిన ఒక సాధనం ఉండేది మా దగ్గర. చూడ్డానికి క్యాసెట్టే, కానీ లోపల టేపు ఉండదు, ఒక తోక తీగ బయటికి వచ్చి ప్లేయర్‌కు తగులుకుంటుంది. పెట్టెను క్యాసెట్ అని నమ్మించి దానితో మన పాట పాడించుకోవడమన్నమాట. కానీ అణ్ణాచ్చి పెట్టె మహా అనుమానపు మనిషి. ఒక పక్క టేపు అయిపోతే తనే రెండో పక్కకు తిరిగే రకం. లోపల చక్రాలు తిరగడం లేదు కాబట్టి టేపు అయిపోయిందనుకుని ఇటు తిరిగింది, ఇటూ అయిపోయిందనుకుని అటు తిరిగింది. టకటకా, టకటకా. అలా నాలుగైదుసార్లు తిరిగి, విసిగిపోయి, క్యాసెట్‌ను నోట్లో పట్టుకుని మూగనోము పట్టింది. బటన్ నొక్కితే రాదు, తీగ లాగితే రాదు. బుద్ధిమంతుడెవడైనా అక్కడ మామను పిలుస్తాడు. నేను స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. ఒక్క పట్టు పట్టాను. టప్ మని క్యాసెట్ వచ్చింది. దాంతోపాటు ఆ నోటికి ఉండే చిన్న మూత కూడా వచ్చింది.

"మామా," అన్నాను. "క్యాసెట్ మూత పక్కన చెవి విరిగిపొయ్యింది."

వ్యానులోంచి పాదాలు కదలడం మానేశాయి. "ఎంత?"

"గోరంత."

"ఆయన చూసినాడా?"

"లేదు. పేపరు చదువుకుంటాండాడు."

తర్వాత పాదాల వైపు నుంచి తీర్పు వచ్చింది. "గమ్ము పెట్టు. ఆరేదాకా కారు తలుపు ఎవర్నీ గట్టిగా మూయనియ్యొద్దు. ఆయనకేమి తెలుస్తాది, పాత పెట్టె."

నేను గమ్ము పెట్టాను. తర్వాత ముఖం నిండా నవ్వు పులుముకుని తమిళంలో, "అంతా బాగుంది అణ్ణాచ్చి, పాత పెట్టె కదా, ఇంకొంచెం సేపు పడుతుంది" అన్నాను. ఆయన పేపరు దించి నన్ను చాలాసేపు చూశాడు. "పరవాలేదు తంబి, నిదానంగా చెయ్యి" అని పేజీ తిప్పాడు. నాకు ఆ పూట మొదటిసారి కాస్త సిగ్గేసింది. కానీ ఆడి నెల గుర్తొచ్చింది, చిన్నాన్న షెడ్డు గుర్తొచ్చింది, సిగ్గు సర్దుకుంది.

క్యాసెట్ దారి మూసుకుపోయింది కనుక పెట్టెను బయటికి లాగి, వెనక మూత విప్పి, రేడియో శబ్దం వచ్చే తీగలు పట్టుకున్నాను. మామ పక్కన టార్చి పట్టుకుని ఆరు నెలలు ఊరికే నిలబడలేదని నాకే అప్పుడు తెలిసింది. ఆ తీగలు కోసి, ఆ చోట కొత్త తీగలు సోల్డరు పెట్టి, వాటి చివర పిన్ను బిగించి ముందుకు తెచ్చాను. ఇకమీదట రేడియో బటన్ నొక్కితే రేడియో రాదు, జేబులోది వస్తుంది. (రేడియో పోతుందని అణ్ణాచ్చితో ముందే చెప్పి ఒప్పించాను. ఆ ఒక్క నిజాయితీ నా ఖాతాలో వెయ్యండి.) పెట్టెను మళ్లీ దాని గూట్లో కూర్చోబెట్టి, మూతకేసి ఊపిరి కూడా తగలకుండా పిన్ను ప్లేయర్‌లో గుచ్చి, దాని బటన్ నొక్కాను. శబ్దం ఎంత ఉందో చూసుకోలేదు. పూర్తిగా ఉంది.

"ఒరే పెద్దోడా! వింటాండావా?"

కారు నాలుగు తలుపుల్లోంచి ఒక ముసలామె గొంతు బైపాస్ రోడ్డు మీదికి దూకింది. "ఫోన్ చేస్తే నడుమ నడుమ సరిమా సరిమా అని పెట్టేస్తావు. దీంట్లోనైతే నేను చెప్పి ముగించేదాకా నువ్వు నోరు మూసుకుని వినాల. అందుకేదా పాపను బటన్ నొక్కమని మాట్లాడతాండా. ఇప్పుడు విను, ఒకటొకటిగా చెప్తా."

తెలుగు. ఉత్త తెలుగు కాదు, మా ఇంటి తెలుగు, మా అవ్వ మాట్లాడే తెలుగు. నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారి పాదం మీద పడింది, నొప్పి తెలియలేదు. వ్యానులోంచి పాదాలు వచ్చాయి, వాటి వెనక మోకాళ్లు వచ్చాయి, చివరికి పొద్దున్నుంచి కనపడని మామ పూర్తిగా బయటికి వచ్చాడు. మేం ఒకరినొకరం చూసుకున్నాం. ఏదైనా అనాలని ఇద్దరికీ ఉంది. ఏ భాషలో అనాలో తెలియలేదు. కడుపు, పేపరు, నూనె ధరలు, గమ్ము, అన్నీ నా కళ్ల ముందు వరసగా నడిచి వెళ్లాయి.

అణ్ణాచ్చి మాత్రం పేపరు నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుని లేచాడు. "బాగా వినిపిస్తోంది తంబి" అన్నాడు తమిళంలోనే. అంతే. నవ్వలేదు, కసరలేదు. "విరుదునగర్ దాకా నాతో రా. దారిలో పెట్టె ఆగిపోతే ఎవరు చూస్తారు? బస్సులో తిరిగి వద్దువు" అన్నాడు. డ్రైవర్ సీట్లో కూర్చుని తలుపు మెల్లగా, చాలా మెల్లగా, దూదిలా మూశాడు. అది చూశాక నా వైపు తలుపు నేను అంతకంటే మెల్లగా మూశాను.

ఆ గంట ప్రయాణం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. ఆయన ఒక్క మాట మాట్లాడడు. ఆమె ఒక్క క్షణం ఆగదు. ఆయన తల్లి విళాత్తికుళం పక్కన పల్లెలో చిన్న కొడుకు ఇంట్లో ఉంటుందట, బటన్ నొక్కే పాప ఆ కొడుకు కూతురట. మిరపచేను మోటారు మూడోసారి కాలిపోయిందట. మేనత్త మనవడి చెవులు కుట్టే విందుకు ఈయన రాకపోవడం తను చచ్చేదాకా మరిచిపోదట. "నీ పెండ్లాం పంపిన మురుకులు రాయి మాదిరి ఉండాయి. నేను చెప్పినానని దానికి చెప్పొద్దు. కానీ చెప్పాల." ఇంట్లో వినే వీలు ఎందుకు లేదో అక్కడ అర్థమైంది. ఆదివారం ఈయన పల్లెకు వెళ్లగానే ఆమె మొదట అడిగేది, నేను చెప్పింది విన్నావా, ఏది చెప్పు చూద్దాం అనట. నడుమ నడుమ అణ్ణాచ్చి రోడ్డు మీంచి చూపు తిప్పకుండా "సరిమా", అంటే సరేనమ్మా, అంటున్నాడు. నేనేమో స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఆ మూతను చూస్తున్నాను. సాత్తూరులో కారు ఆగితే దోసకాయలమ్మే ఆమె కిటికీలోకి వంగి, లోపల తిట్లు విని, మాకు గొడవేమో అనుకుని వెనక్కి తగ్గింది.

సాత్తూరు దాటాక ఒక ఆలోచన వచ్చింది. ఈయన ఏమీ అనడం లేదు కదా. విన్నాడో లేదో. విన్నా మర్యాదస్తుడు, అనడు. నేనూ అనకపోతే పని ముగిసింది, బండి బాగుంది, నాయన ముందు తలెత్తుకుని నిలబడవచ్చు. చాలా మంచి ఆలోచన. కానీ ఆ గొంతు వదలడం లేదు. చిన్నప్పుడు పలక పగలగొట్టి దాచినప్పుడు మా అవ్వ అడిగిన గొంతు ఇదే. ఆ గొంతు వింటూ అబద్ధాన్ని లోపల పట్టుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు. నాకు ఏడుపొచ్చింది, నిజంగానే. విరుదునగర్ రైల్వే గేటు దగ్గర కారు ఆగినప్పుడు, ఇంటివాళ్లు కానివాళ్లతో జీవితంలో మొదటిసారి తెలుగులో మాట్లాడాను.

"అణ్ణాచ్చి, ఆ మూత నేనే విరగ్గొట్టినా. గమ్ము పెట్టి అతికించినా. మీకు చెప్పలేదు."

ఆయన ప్లేయర్ ఆపాడు. ఇంజను కూడా ఆపాడు. చూపుడు వేలితో మూతను మెల్లగా తాకి చూశాడు.

"గమ్ము ఆరిందా?" అన్నాడు తెలుగులో.

నేను తల దించుకున్నాను.

"పొద్దున్నించి చూస్తాండా, ఎప్పుడు చెప్తావా అని. గేటు దాటితే మా ఇల్లు. చెప్పకుండానే దిగిపోతావేమో అనుకున్నా." కాసేపు ఆగాడు. ఆయన ఆగితే తెలుసుగా. "ఇంకొకటి. నా కడుపు స్టీరింగుకు తగలదురా. సీటు ఎనక్కి జరుపుకుంటా."

అప్పుడు నవ్వాడు చూడండి, కారు ఊగిపోయింది. నన్ను తీసుకెళ్లి నూనెలో వేయించిన పరోటాలు ఆరు తినిపించి బస్సెక్కించాడు. తినేటప్పుడు తెలిసింది, ఆయనా ఇంట్లో తెలుగు, బయట తమిళమే. బజార్లో పక్కవాళ్ల గురించి వాళ్ల ముందే తెలుగులో మాట్లాడుకునే అలవాటు వాళ్లింట్లోనూ ఉందట. "మేము తిట్టినవాళ్లలో ఎంతమందికి అర్థమైందో ఈ పొద్దు అనుకున్నా" అన్నాడు.

నేను ఒప్పుకున్నానని చెప్పగానే మామకు మాత్రం ఒళ్లు మండింది. "నిన్నెవడు చెప్పమన్నాడు? నా మానం విరుదునగర్ దాకా మోసుకుపోయి దించి వచ్చినావు!" అన్నాడు. సిగ్గు ఎక్కువైతే మా మామకు అది కోపంగానే బయటికి వస్తుంది. ఆ సాయంత్రమే మా నాయనకు ఫోన్ చేశాడు. మరుసటి శనివారం, ఆడి చివరి శనివారం, నాయన నా బట్టల సంచి చంకన పెట్టుకుని అరుప్పుకోట్టై బస్సు టైము కూడా కనుక్కుని కొట్టుకు వచ్చాడు. నేను చేతులు కడుక్కుంటున్నాను. అప్పుడు తెల్ల కారు వచ్చి ఆగింది. అణ్ణాచ్చి దిగలేదు. కిటికీ దించి, "అమ్మ మీకొక మాట చెప్పి పంపింది" అని ప్లేయర్ నొక్కాడు.

"కోవిల్‌పట్టి కారు కొట్టులో ఉండే మామా అల్లుళ్లకు చెప్పేది. నా కొడుకు అంతా చెప్పినాడు. విరగ్గొట్టిన పిల్లోడు వాడే నోరు తెరిచి చెప్పినాడంట. సరి. గమ్ము పెట్టమన్న పెద్దమనిషి ఒకడున్నాడే, వాడు చెప్పినాడా? వయసు వచ్చింది, బుద్ధి రావద్దా?" మామ వ్యాను కోసం చుట్టూ చూశాడు. ఆ రోజు దూరడానికి వ్యాను లేదు. "పిల్లోడా, నువ్వు పెట్టినాక నా మాట బాగా వినపడతా ఉందంట. ఇంక నా కొడుకు వినలేదని తప్పించుకోలేడు. నువ్వు ఆ పని విడిచిపెట్టొద్దు. మూత మాత్రం కొత్తది వేసి ఇయ్యి. అన్నం తిన్నావా?" కొంచెం గరగర. "దీన్ని యాడ ఆపేది పాపా?"

మా నాయన కారు దగ్గరికి వెళ్లి, వంగి, స్పీకర్లను ఒక్కొక్కటే చూశాడు. "ఇంత తేటగా వస్తాందే. ఇది నువ్వు చేసిందా?" అని నన్నడిగాడు. అవునన్నాను. ఆయన మామ వైపు తిరిగి, "ఆ పెద్దామె మూత వెయ్యమని చెప్పింది కదా. వేసినాక చూద్దాం" అన్నాడు. మామ నేల చూస్తూ "సరి బావా" అన్నాడు. నాయన సంచి నా చేతికిచ్చి ఇంటికి వెళ్లిపోయాడు. మూత దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోపల అరుప్పుకోట్టై మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడా కొట్టు నాది. మామ విశ్రాంతి తీసుకుంటున్నాడు, అంటే రోజూ వచ్చి కుర్చీలో కూర్చుని తప్పులు పడుతున్నాడు. కార్లకు ఇప్పుడు క్యాసెట్ నోళ్లు లేవు, తీగలు లేవు, ఫోన్ దగ్గరికి తెస్తే చాలు అదే కలుపుకుంటుంది. నేను ఎక్కువగా వెనక కెమెరాలు బిగిస్తుంటాను. ఆ అవ్వ పోయి చాలా ఏళ్లయింది. నేను ఆమెను ఒక్కసారి కూడా చూడలేదు. వెళ్లి చూడవలసింది. అప్పట్లో అలాంటివి తోచవు. ఆమె మాటను మాత్రం అణ్ణాచ్చి దగ్గర అడిగి తీసుకుని దాచుకున్నాను, ప్లేయర్ నుంచి కంప్యూటర్‌కు, కంప్యూటర్ నుంచి ఫోన్‌కు మారుస్తూ. కొత్త స్పీకర్లు బిగించాక పరీక్షకు అందరూ పాట పెడతారు, నేను ఆమెను పెడతాను. "ఎవరు సార్ ఈ పాట్టి?" అని అడుగుతారు బేరగాళ్లు. "మా అవ్వ" అంటాను. కొందరు ఊరికే వింటారు. కొందరి పెదవులు మాత్రం, అన్నం తిన్నావా అన్న చోట, వాళ్లకు తెలియకుండానే కదులుతాయి. వాళ్లెవరో నాకు అర్థమైపోతుంది, ఆ తర్వాత నోరు జాగ్రత్తగా పెట్టుకుంటాను. పనిలో పడి మధ్యాహ్నం మూడైనా నా కడుపులో ఏమీ ఉండదు చాలాసార్లు. అయినా ఆమె అడగ్గానే "తిన్నానవ్వా" అంటాను. ఆమెతో నేను ఇప్పటికీ చెప్పే అబద్ధం అదొక్కటే.